నెమలిగ్రుడ్డు

మన వాఙ్మయమున నెమలికి లభించిన గౌరవము మఱి యే పక్షికిని లభింపలేదు. కుమారస్వామికి వాహనమైనది, బాలకృష్ణుని సిగలో పింఛమైనది, వర్షర్తువును వర్ణింపబూనిన ప్రతి కవికిని తొలిమేఘముతోపాటు తోడువచ్చినది నెమలియే. అయితే ఈ గౌరవమంతయు మగపక్షికి చెందినదనియు, అందునను దాని తోకకు చెందినదనియు గమనించువారు అరుదు. కోవెల స్తంభముల మీద చెక్కినది మగనెమలి. పట్టుచీరల కొంగులలో నేసినది మగనెమలి. పిల్లల పలకల మీద మనము గీసి యిచ్చునదియు మగనెమలియే. ఆ నాట్యమును చూచి తన సంతానమునకు తండ్రి నెన్నుకొని, ముండ్లపొద క్రింద నేలను గీరి గూడు చేసికొని, నాలుగు వారములు ఎండకును వానకును ఓర్చి పొదిగి, పుట్టిన పిల్లలకు ముక్కుతో ముక్కునకు మేత నందించి మయూరవంశమును నిలుపుచున్న ఆడునెమలిని గుఱించి మనము పలికిన మాటలు బహుస్వల్పములు. అది మట్టిరంగుది, పురి లేనిది, కిరీటము వంటి తలతురాయి మాత్రమే దాని ఆభరణము. చూపఱుల కన్ను దానిని దాటిపోవును.

నెమళ్లను సాకి సంతతిని వృద్ధిచేయు విద్య ఈ లోపమును సవరించును. వినోదమునకై నెమలిని చూచువాని దృష్టి పింఛము మీద నిలుచును. సంతానాభివృద్ధికై సాకువాని దృష్టి ఆడుపక్షి మేత మీదను, దాని నడక మీదను, ప్రొద్దువాలుచుండగా అది యే మూలకు పోయి నేలను కాలితో త్రవ్వుచున్నదో యను విషయము మీదను నిలుచును. ఈ విద్య క్రొత్తది కాదు. రెండువేల నాలుగువందల యేండ్లుగా దీనిని గుఱించి పాశ్చాత్యదేశములలో బుద్ధిమంతులు వ్రాయుచునే యున్నారు. వారి వ్రాతలను చదువుకొలదిని నాకు ఒక్క ధర్మసందేహము అన్నిటి నడుమను కనబడుచున్నది. గ్రుడ్డు పెట్టునది పక్షి, దానిని తీసికొనునది మనుష్యుడు. ఎన్ని తీసికొనవచ్చును, ఎన్నిటిని విడువవలెను? నా మనస్సున నిలిచిన సమాధానము చెప్పుటకు ముందు ఆ పక్షి కథను కొంత చెప్పవలసియున్నది.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. నెమలి బ్రహ్మచారి యనియు, పురి విప్పి ఆడునప్పుడు దాని కంట రాలిన బాష్పమును త్రాగి ఆడునెమలి గర్భము ధరించుననియు మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. చదువుకొన్నవారును దీనిని నమ్మి పలుకగా విన్నాను. కృష్ణుని శిరస్సు నలంకరించిన యీకకు పవిత్రతను కల్పింపవలెనను భక్తిలోనుండి ఈ కథ పుట్టియుండును. కాని కోడిజాతి పక్షులన్నియు ఎట్లు జతగూడునో నెమళ్లును అట్లే జతగూడును; ఆ కలయిక క్షణమాత్రము, తెల్లవాఱుజామునను సంధ్యవేళను పొదలమాటున జరుగునది, కావున చూచినవారు కొద్దిమంది. ఈ కథ వలన జరిగిన అన్యాయమేమనగా, ఆడునెమలి చేయు ఘనకార్యము మఱుగునపడినది. అది కన్నీటికై ముక్కు చాచి నిలుచు భిక్షురాలు కాదు. అది పరీక్షకురాలు.

ఆ పరీక్షను లోకమునకు తెలియజెప్పినవాడు చార్లెస్ డార్విన్. నెమలియీకను చూచినప్పుడెల్ల తనకు వికారము పుట్టుచున్నదని 1860లో ఆయన ఒక మిత్రునకు వ్రాసెను; ఎందుకనగా, బ్రతుకుటకు ఏమాత్రము అక్కఱకు రాక, శత్రువు బారినుండి తప్పించుకొనుటకు అడ్డమైన ఆ బరువైన అందము ఆయన సిద్ధాంతమునకు లొంగలేదు. 1871లో ప్రకటించిన గ్రంథమున ఆయన సమాధానము చెప్పెను: ఆడుపక్షి ఏరుకొనుట చేతనే ఆ సౌందర్యము తరతరములుగా పెరిగినదని. ఇంగ్లండులోని విప్స్‌నేడ్ మృగోద్యానమున స్వేచ్ఛగా తిరుగు నెమళ్లను మేరియన్ పెట్రీ యను విదుషి యేండ్ల తరబడి పరిశీలించి, ఎక్కువ కన్నులుగల పురిని మోయు మగపక్షులకే ఎక్కువ జతలు కుదురుచున్నవని చూపెను. అంతకంటె నన్ను ఆకర్షించినది 1993లో ఆమె మఱియొక శాస్త్రజ్ఞునితో కూడి ప్రకటించిన ఫలితము. ఆడునెమళ్లను వాని యిష్టమునకు విడువక, ఏ మగపక్షితో ఏ ఆడుపక్షి యుండవలెనో చీటి తీసినట్లు నిర్ణయించి చూచిరి. పెద్దపురిగల మగనికి జోడైన ఆడునెమలి ఎక్కువ గ్రుడ్లు పెట్టెను. జపానుదేశమున ఏడేండ్లు పరిశీలించిన మఱికొందఱు 2008లో పురి వైభవమునకును ఆడుపక్షి యెన్నికకును తమకు సంబంధము కనబడలేదని ప్రకటించిరి. ఆ వివాదము ఇంకను తీరలేదు. ఎన్నిక దేనినిబట్టి జరుగునను విషయమున పండితులు భేదింపవచ్చును గాని, ఎన్నుకొనునది ఆడునెమలి యనుటలో భేదాభిప్రాయము లేదు. గ్రుడ్ల లెక్క సయితము దాని వివేచనకు లోబడునని విన్నప్పుడు, ఒక్క మగనికి నలుగురైదుగురు ఆడువాండ్రను జతచేసి దొడ్డిలో మూసి, ఫలమునకై తొందరపడు పెంపకందారుడు దేనితో వ్యవహరించుచున్నాడో తెలిసికొనవలెననిపించును.

ఆడునెమలి రెండవయేట గ్రుడ్డుకు వచ్చును. మగనెమలికి నిండుపురి దిగుటకు మూడేండ్లు పట్టును. శీతలదేశములలో ఆడుపక్షి పగళ్లు పొడవగుట చూచి చైత్రవైశాఖములలో గ్రుడ్లు పెట్టనారంభించును. మన దేశమున వానలను కనిపెట్టి యుండును. గూడన్నది పేరునకే గాని, నేలలో చిన్న గుంట, అందులో నాలుగు పుల్లలు, రాలుటాకులు, అంతకంటె శ్రమపడదు. గడ్డిదుబ్బు చాటునో, ముండ్లపొద క్రిందనో, పాడుపడిన గోడప్రక్కనో ఆ గుంటను దాచుకొనుటయందే దాని నేర్పంతయు కలదు. కోడిపెట్ట ఉదయవేళ గ్రుడ్డుపెట్టి కేకవేసి ఊరికి చాటును. ఆడునెమలి సామాన్యముగా సంధ్యవేళ, వెలుగు సన్నగిల్లిన పిమ్మట, మౌనముగా పెట్టును. ఒకదినము పెట్టి ఒకదినము విడుచును. ఆ గ్రుడ్డు మీగడరంగుగా, కొంచెము గోధుమఛాయ దాల్చి, గట్టి పెంకుతో నూఱుగ్రాముల బరువు తూగును. అనగా కోడిగ్రుడ్డునకు ఇంచుమించు రెండింతలు. అడవిలో నాలుగైదు, ఆఱు పెట్టి నిలుపును.

ఇందులో నన్ను విస్మయపఱచునది ఒకటి కలదు. మొదటి గ్రుడ్డు పెట్టిన దినమున అది పొదుగుటకు కూర్చుండదు. రెండవది పెట్టినప్పుడును కూర్చుండదు. చివరి గ్రుడ్డు వచ్చువఱకు వానిని చల్లగా నుంచి, దాచి, విడిచి తిరుగును. తల్లి యొడలి వేడి తగులనంతవఱకు గ్రుడ్డులోని ప్రాణము నిద్రించుచుండును. పదిదినముల క్రింద పెట్టినదియు నిన్న పెట్టినదియు ఒక్కనాడే మేలుకొని, ఒక్కనాడే పెరుగనారంభించి, 28 దినములకు ఒక్కనాడే పెంకు చించుకొని వచ్చును. నేలమీద గూడు కట్టు పక్షికి ఇది ప్రాణావసరము: ముందు పుట్టిన పిల్ల తిరుగులాడుచుండగా వెనుకటి గ్రుడ్డుమీద తల్లి కూర్చుండలేదు. జ్యేష్ఠునకును కనిష్ఠునకును ఒక్క జన్మదినము నిచ్చు ఈ యోర్పును ఏ గురువు నేర్పెనో! నేటి పెంపకందారుడు గ్రుడ్లను కూర్చి, వారమో పదిదినములో చల్లని గదిలో సన్నకొన క్రిందికి వచ్చునట్లు నిలిపి, దినమునకొక్కసారి ప్రక్కమార్చి, అన్నిటిని కలిపి ఒక్కనాడు యంత్రములో పెట్టుచున్నాడు. అతడు చేయుచున్నది ఆడునెమలికి అనుకరణమే.

ఇక గ్రుడ్లను తీయు విద్యకు వత్తును. పొదుగుపక్షి రొమ్మునకు గ్రుడ్ల గుంపు తాకుచుండగా దాని దేహమున ఒక రసము ఊరి, ఇక పెట్టుట చాలునని చెప్పి, పొదుగుటకు మనస్సు కలిగించును. గూటిలోని గ్రుడ్లను ఎప్పటికప్పుడు తీసివేసినచో ఆ స్పర్శ కలుగదు. ఆ రసము ఊరదు. పక్షి ఇంకను తన సంఖ్య నిండలేదని తలచినట్లు పెట్టుచునే యుండును. అడవిలో ఆఱింటితో తృప్తినొందు తల్లి, ఇట్లు వంచింపబడి దొడ్డిలో ఒక్క కారున ఇరువదికి పైబడి పెట్టును. కొందఱు గూటిలో కొయ్యగ్రుడ్డు నొకటి విడిచి, తల్లి చోటు మార్చుకొనకుండ చేయుదురు. ఈ కిటుకు తెలిసిననాడే నెమళ్లపెంపకము వర్తకమైనది.

క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున ఏథెన్సునగరమున పిరిలాంపీజ్ అను ధనికుడు నెమళ్లను సాకెను. నెలకొకమారు, నెల మొదటిదినమున, ప్రజలను లోనికి రానిచ్చి చూడనిచ్చుచుండెననియు, స్పార్టానుండియు థెస్సలీనుండియు జనులు చూడవచ్చి, గ్రుడ్లు సంపాదింపవలెనని యాశపడుచుండిరనియు నాటి న్యాయస్థానప్రసంగ మొకటి తెలుపుచున్నది. మన దేశపు పక్షి గ్రుడ్డు అంతదూరమున అంతటి కోరికను పుట్టించినది! తరువాతి శతాబ్దమున అరిస్టాటిలు తన జంతుశాస్త్రమున ఆడునెమలి ఏడాదికొకసారి పండ్రెండో, కొంచెము తక్కువో గ్రుడ్లు పెట్టుననియు, రెండు మూడు దినముల కొక్కటిగా పెట్టుననియు, తొలిచూలున ఎనిమిది పెట్టుననియు వ్రాసి, పెంపకందారులు ఆ గ్రుడ్లను ఇంటికోడి క్రింద పెట్టుదురని చెప్పెను. కారణమును చెప్పెను: తల్లి పొదుగుచుండగా మగనెమలి మీదపడి గ్రుడ్లను త్రొక్కునట. అందుచేతనే కొన్ని ఆడునెమళ్లు మగవానికి దూరముగా పోయి ఒంటరిగా పొదుగునని కూడ గమనించెను. కోడి క్రింద రెండు గ్రుడ్లకు మించి పెట్టరాదనియు, అది విసిగి లేచిపోకుండ కూర్చున్నచోటనే మేత పెట్టవలెననియు ఆయన చెప్పిన మాట చదివినప్పుడు, ఆ మహాపండితుడు పుస్తకముల నడుమ కూర్చుండి వ్రాసినది కాదనియు, పెట్టలను పొదిగించిన ముదుసళ్ల చెంత కూర్చుండి విని వ్రాసినదనియు నాకు తోచినది.

రోమకులు దీనిని ధనార్జనమార్గముగా చేసిరి. హోర్టెన్సియస్ అను వక్త మొదట విందులో నెమలిమాంసమును వడ్డించెనట; పిమ్మట ఆ వ్యామోహము పెరిగి, ఆఫిడియస్ లుర్కో యనువాడు నెమళ్లను మేపి అమ్మి ఏడాదికి అఱువదివేల సెస్టర్షియములకు పైగా గడించెననియు, ఒక్క గ్రుడ్డు అయిదు దీనారములకు, ఒక్క పక్షి ఏబది దీనారములకు పోవుచుండెననియు, ఏ గొఱ్ఱెయు ఇంత లాభమియ్యదనియు వారో అను రోమక పండితుడు క్రీ.పూ. 37 ప్రాంతమున వ్రాసెను. ఆ తరువాతి శతాబ్దమున కాలుమెల్లా వ్రాసిన వ్యవసాయగ్రంథమునందలి మయూరాధ్యాయము నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. పొదుగనీయక గ్రుడ్లను తీసినచో ఆడునెమలి ఏడాదికి మూడుమాఱులు పెట్టునని ఆయన చెప్పెను: మొదట అయిదు, తరువాత నాలుగు, చివర మూడో రెండో. రాత్రివేళ కొయ్యదండెము మీదనుండియే గ్రుడ్డు జాఱవిడుచును గనుక దండెము క్రింద గడ్డి మందముగా పఱువవలెనని చెప్పెను. నేటి పెంపకందారులును అట్లే ఇసుకయు గడ్డియు పఱచుచున్నారు. కాలుమెల్లా చెప్పిన పద్ధతి యిది: పొదుగుకోడి క్రింద అయిదు నెమలిగ్రుడ్లు, నాలుగు కోడిగ్రుడ్లు పెట్టి, పదవనాడు కోడిగ్రుడ్లను తీసివేసి అన్నే క్రొత్తవి పెట్టవలెను. అట్లు చేసిన ముప్పదవనాడు నెమలిపిల్లలును కోడిపిల్లలును కలిసి పుట్టును. నెమలిగ్రుడ్డు పెద్దది గావున కోడి తన కాళ్లతో దొర్లింపజాలదు. కావున గ్రుడ్డునకు ఒకప్రక్క సిరాతో గుఱుతుపెట్టి, కోడి మేతకు లేచినప్పుడు పెంచువాడే చేతితో త్రిప్పవలెను. ఎంతటి సూక్ష్మదృష్టి! రెండువేల యేండ్ల క్రిందటి కృషీవలుని చేతివ్రేళ్లు ఆ వాక్యములలో కనబడుచున్నవి.

ఆ వ్రేళ్ల స్థానమున నేడు యంత్రము వచ్చినది. ఇంగ్లండు, అమెరికా దేశములలో నెమళ్లను సాకుట చట్టవిరుద్ధము కాదు, వేలమంది సాకుచున్నారు. అమెరికా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్, జార్జియా రాష్ట్రమున మిల్లెడ్జ్‌విల్ పట్టణము చెంత తన తల్లి పొలమునందు వ్యాధితో కృశించుచునే నెమళ్లను పెంచి, 1961లో వానిని గుఱించి ఒక వ్యాసము ప్రకటించినది. ఆ పక్షుల వలన పూలతోటలకును పండ్లచెట్లకును కలుగు నష్టమును దాచక చెప్పినను, వానిని విడువలేదు. నేటి పెంపకందారుడు యంత్రమును ముప్పదియేడున్నర డిగ్రీల వేడిలో నిలిపి, దినమునకు పలుమాఱులు గ్రుడ్లను త్రిప్పి, దీపము నడ్డముపెట్టి లోని నరముల నల్లికను చూచి, నీరింకి గ్రుడ్డు తన బరువులో ఏడవవంతు వఱకు కోల్పోవుచున్నదా లేదా యని త్రాసులో తూచి, చివరి మూడు దినములు త్రిప్పుట మాని తేమ పెంచి పిల్లకై వేచియుండును. తల్లికి ఆలుచిప్పల పొడి పెట్టును, పెంకు గట్టిపడుటకు. సున్నము చాలనిచో గ్రుడ్డు లోపలనే యడ్డుపడి తల్లి ప్రాణమునకే ముప్పు వచ్చును. తెల్లనివి, నల్లరెక్కలవి, ఊదావన్నెవి అని రంగులను వేఱుచేసి పెంచు వ్యామోహము కూడ ప్రబలినది. దానికై దగ్గఱి రక్తములోనే జతలు కట్టి జాతిని బలహీనపఱచుట నాకు సమ్మతము కాదు. సృష్టి యిచ్చిన నీలముకంటె మేలైన రంగు మనుష్యుడు కనిపెట్టగలడని నేను నమ్మను.

యంత్రమును నమ్మనివారు నేటికిని పెంపుడుతల్లిగా కోడినే కోరుదురు. మొదటి పదిదినములు కోడి క్రింద నుంచి, తరువాత యంత్రమునకు మార్చినచో గ్రుడ్లు చెడవని పలువురి యనుభవము. కోడి ఆ భేదమును పాటింపదు; తనది కాని గ్రుడ్డును తనదిగా పొదుగును. అయితే ఈ మైత్రిలో ఒక దారుణము దాగియున్నది. కోడి ప్రేవులలో నుండు సన్నని పురుగొకటి తన గ్రుడ్డులో ఇంకను సూక్ష్మమైన రోగజీవిని మోయును. బ్లాక్‌హెడ్ అని పెంపకందారులు చెప్పు వ్యాధికి అదియే మూలము. కోడిని అది సామాన్యముగా బాధింపదు; నెమలిపిల్లను మాత్రము కాలేయమును కుళ్లజేసి చంపును. పిల్ల రెక్కలు వ్రేలవైచి, పసుపుపచ్చని రెట్టవేసి, రెండుమూడు దినములలో ఒరిగిపోవును. ఆ పురుగు గ్రుడ్డు మట్టిలో ఏండ్లతరబడి జీవించును. వానపాము దానిని మ్రింగి దాచును. కోళ్లు తిరిగి పోయిన దొడ్డిలో ఎన్నడో నెమళ్లను విడిచినను ఆపద తప్పదు. కన్నతల్లిని కాదని తెచ్చిన పెంపుడుతల్లి, ఏ పాపమెఱుగక, తన రెక్కల వెచ్చదనముతోపాటు మృత్యువును పంచియిచ్చుచున్నది. కోడికి ముందుగా పురుగులు పోవు మందిచ్చి, పిల్లలు పుట్టినవెంటనే నేలకు తగులనీయక తీగెల చట్రముమీద పెంచుట ఇందుకై యేర్పడిన పద్ధతి. ఆ పద్ధతి వలన పిల్ల బ్రతుకును. కాని మన్ను తెలియక, గడ్డి తెలియక, మిడుతను పట్టుట తెలియక పెరుగును.

పిల్లకు తల్లి యిచ్చునది వేడి యొక్కటియే కాదు. కోడిపిల్ల పుట్టిననాడే నేలమీది నూకను తానై యేరుకొనును. నెమలిపిల్ల అట్లుగాక, తొలినాళ్లలో తల్లి ముక్కుకొనకు తన ముక్కు చాచి మేత నందుకొనును. యంత్రమున పుట్టిన పిల్ల ఎదుట పిండి నిండిన పళ్లెమున్నను ఆకలితో కూలబడి యుండుట పెంపకందారు లెఱుగుదురు. కావున వారు వ్రేలితోనో పుల్లతోనో అందించి నేర్పుదురు, లేదా రెండుదినముల పెద్దయైన కోడిపిల్లను ప్రక్కన విడుతురు. పుట్టునప్పటికే రెక్కయీకలుండును గాన పిల్ల కొద్దిదినములకే కొమ్మమీది కెగురును. రాత్రి తల్లి రెక్కలక్రింద కొమ్మమీదనే పవ్వళించును. ఏ కేకకు దాగవలెనో, ఏ నీడకు బెదరవలెనో, ఏది పాము, ఏది తాడు అను జ్ఞానమంతయు ఆ రెక్కలక్రిందనే లభించును. పక్షుల మనస్తత్త్వమును శోధించిన కాన్రాడ్ లోరెంజు ఒక విషాదకథ చెప్పెను. వియన్నాలోని షోన్‌బ్రున్ మృగశాలలో, చలికి తోబుట్టువులన్నియు చనిపోగా మిగిలిన ఒక్క నెమలిపిల్లను కాపాడుటకై, వెచ్చనిగది మఱియొకటి లేక, రాకాసి తాబేళ్లుండు గదిలో పెంచిరి. అది బ్రతికినది. పెరిగినది. జీవితాంతము ఆ తాబేళ్ల యెదుటనే పురి విప్పి ఆడినది. అందమైన ఆడునెమళ్లను కన్నెత్తి చూడలేదు. ఈ కథ చదివిన దినమున నాకు నిద్ర పట్టలేదు. ప్రాణము నిలిపితిమని తృప్తిపడు మనము, ఆ ప్రాణమునకు తనవారెవ్వరో తెలియజేయుట మఱచితిమి.

కావున నా సమాధానమిది. గ్రుడ్లను తీయవలదని చెప్పువాడను కాను. చెఱలో నున్న పక్షికి నక్కయు కాకియు ముంగిసయు చేయు కీడును, మగపక్షి త్రొక్కుటను, అకాలవర్షమును తలచినచో, మొదట పెట్టిన గ్రుడ్లను తీసి వేఱుగ పొదిగించుట యుచితమే. అరిస్టాటిలు నాటినుండి వచ్చిన ఆ యాచారమునకు హేతువున్నది. కాని కారు చివర పెట్టిన నాలుగైదింటిని తల్లికి విడువవలెను. మూడవమాఱు కూడ తీసి, దేహములోని సున్నమంతయు పెంకులుగా మాఱి, ఈకలు మాసి, ఒక్కపిల్ల ముఖమైన చూడక ఏడాది గడపు ఆడునెమలిని సాకుచున్నానని చెప్పుకొనుటకు ఎవ్వరికిని హక్కు లేదు. తల్లి పెంచిన పిల్లలలో కొన్ని చచ్చును, నిజమే. బ్రతికినవి మాత్రము నెమళ్లుగా బ్రతుకును. ముందు తరమున మంచితల్లులు కావలెనన్నను, పొదుగుట యెఱిగిన తల్లులనే నిలుపుకొనవలెను. యంత్రమునే తరతరములుగా నమ్మినచో, పొదుగలేని పక్షులును పొదుగగల పక్షులతో సమానముగ సంతతిని విడిచి, ఆ గుణమే వంశమునుండి జాఱిపోవును. ఇంటికోళ్ల జాతులలో ఇది యిదివఱకే జరిగినది: గ్రుడ్ల లెక్కకై యేరి పెంచిన తెల్ల లెగార్ను పెట్టలు పొదుగుటనే మఱచిపోయినవి.

ఈ ప్రసంగమంతయు పరదేశముల దొడ్లకు వర్తించునది. నెమలి మన నేలపక్షి. మన దేశమున దానిని దొడ్డిలో పెంచు నధికారము ఎవ్వరికిని లేదు, ఉండనక్కఱయు లేదు. 1963లో జాతీయపక్షిగా గౌరవించి, 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టమున మొదటి యనుబంధమున చేర్చితిమి. ఆ చట్టము పక్షిని చంపుటనే కాదు, గూటిని కదపుటను, గ్రుడ్డును చెఱచుటను సయితము వేటగానే యెంచును. మొదటి తప్పునకే మూడేండ్లకు తక్కువ గాని కారాగారశిక్ష కలదు. అయినను పొలములో గ్రుడ్లు దొరకినప్పుడు తెచ్చి నాటుకోడి క్రింద పెట్టుట పల్లెలలో లేకపోలేదు. అందులో దురుద్దేశము తక్కువ, ముద్దు ఎక్కువ. కాని పైన చెప్పిన రోగమును, తల్లిలేని పెంపకమును తలచినచో ఆ ముద్దు పిల్లకు మేలు చేయదు.

రైతుల కష్టమును నేనెఱుగుదును. వేరుసెనగ విత్తిన మఱునాడే నెమళ్లు దిగి గింజలను పెకలించుట, మిరపనారును త్రుంచుట, వరికంకిని దూయుట నేడు తెలుగునాట పెక్కుచోట్ల వినవచ్చు మొఱ. అట్టి రైతే ఒకడు, గట్టుమీది గడ్డి కోయుచు గ్రుడ్లను చూచి, రెండు బారల మేర కోయక విడిచిన చోటును నాకు చూపెను. గడ్డి నష్టపోలేదా యని యడిగితిని. “గడ్డి మళ్లీ మొలుస్తుంది బాబూ. పంట మీద పడ్డప్పుడు తోలుతాను, తిడతాను. పొదిగేదాని కడుపెందుకు కొట్టడం?” అనెను. ఏ చట్టమును చదువని ఆ మనుష్యుడు, కాలుమెల్లా యంతటివాడు వ్రాయని నియమమును పాటించుచుండెను.

చదువరులలో పొలమున్నవారికి నా విన్నపమిది. కోతవేళ గాని, కలుపువేళ గాని గట్టుమీద మీగడరంగు గ్రుడ్లు కనబడినచో ముట్టవలదు, ప్రక్కన నిలిచి చూడవలదు, కుక్కలను కట్టివేయుడు, చుట్టును నాలుగడుగుల పొద విడువుడు. గూడు చెదరియున్నచో అటవీశాఖవారికి కబురంపుడు. తల్లికి కావలసినది 28 దినములు. పిల్లలు పుట్టిన మఱునాటికి అది వానిని వెంటబెట్టుకొని తానే వెడలిపోవును. ఆ తరువాత ఆ గడ్డిని కోసికొనవచ్చును.